ఆ నంబర్ ఎవరిదో ముందు అడగండి

ఆదోని నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ అమ్మగారికి దగ్గు, జ్వరం వస్తే డాక్టరు యాంటీబయాటిక్ రాశారు. ఆ మాత్రల స్ట్రిప్ మీద ఎర్ర గీతల డబ్బాలో ‘షెడ్యూల్ హెచ్1’ అని ఉంది. స్వైన్ ఫ్లూ రోజుల్లో టీవీలో విన్న ‘హెచ్1ఎన్1’ ఆమెకు గుర్తొచ్చింది. తన జబ్బు తనకు చెప్పకుండా దాస్తున్నారని రాత్రంతా కన్ను మూయలేదట. అదే వారంలో నాన్నగారి నడుము స్కానింగ్ రిపోర్టులో ‘ఎల్5-ఎస్1’, రైలు టికెట్‌లో ‘ఎస్1’, పంట లోనుకు బ్యాంకు వాళ్ళు తెమ్మన్న ‘1బి’, మందుల చీటీలో ‘బి1’ అన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. ‘అదే అక్షరం, అదే అంకె ఇన్నిచోట్ల ఇన్ని అర్థాలతో ఎందుకుంటాయి? దేనికది వేరే పేరు పెట్టొచ్చు కదా? పెద్దవాళ్ళకు ఎలా చెప్పాలి?’ అని అడిగారు.

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత. ముందు అమ్మగారి దగ్గర కూర్చుని ఈ మాట చెప్పండి: ఆ హెచ్1 జబ్బు పేరు కాదు, ఆ మందును ఎలా అమ్మాలో చెప్పే పట్టిక పేరు. మన దేశంలో మందుల అమ్మకానికి నిబంధనలు ఉన్నాయి. ఏ మందును ఎలా అమ్మాలో చెప్పే పట్టికల్ని అందులో షెడ్యూళ్ళు అంటారు. షెడ్యూల్ హెచ్‌లో ఉన్న మందును డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఇంకా గట్టి కాపలా కావాల్సిన మందుల కోసం 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లోకి వచ్చింది. కొన్ని బలమైన యాంటీబయాటిక్స్, టీబీ మందులు, అలవాటుగా మారే ప్రమాదమున్న కొన్ని మందులు అందులో ఉన్నాయి. వీటిని అమ్మినప్పుడు షాపువాళ్ళు డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారో వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. మనవాళ్ళు జలుబుకీ దగ్గుకీ యాంటీబయాటిక్స్ కొని, రెండు రోజులు వేసుకుని ఆపేస్తుంటారు. దానివల్ల క్రిములు మందుకు లొంగకుండా తయారవుతున్నాయి. అందుకే ఈ కట్టడి. ఆ ఎర్ర డబ్బాలో ఉన్నది ‘డాక్టరు చెప్పినట్టే వాడాలి’ అనే హెచ్చరిక. కాబట్టి అమ్మగారు ఆ కోర్సు మధ్యలో ఆపకుండా పూర్తిచేయాలి. భయపడి మానేస్తే అదే అసలు నష్టం.

ఇక హెచ్1ఎన్1 లోని హెచ్ వేరు. ఫ్లూ వైరస్ పైపొర మీద రెండు రకాల ప్రోటీన్లు ఉంటాయి. ఒకటి హీమాగ్లుటినిన్, రెండోది న్యూరామినిడేజ్. ఒక్కోదానిలో చాలా రకాలున్నాయి కాబట్టి వాటికి నంబర్లు ఇచ్చారు. రెండింటిలోనూ ఒకటో రకం ఉన్న వైరస్‌ను హెచ్1ఎన్1 అన్నారు. మందుల షెడ్యూల్ హెచ్‌కీ, ఈ హెచ్‌కీ చుట్టరికమే లేదు. ఇంకో సంగతి చూడండి. జలుబుకు వేసుకునే సెట్రిజిన్ మన శరీరంలో ‘హెచ్1’ అనే గ్రాహకాల మీద పనిచేస్తుంది. అక్కడ హెచ్ అంటే హిస్టమిన్. అంటే ఒక్క వైద్యంలోనే ఒకదానితో ఒకటి సంబంధం లేని హెచ్1లు మూడు తేలాయి. రైల్లో హెచ్1 ఫస్ట్ ఏసీ పెట్టె. అమెరికా వెళ్ళే పిల్లల నోట్లో హెచ్1బి ఉద్యోగ వీసా.

నేను కర్నూలులో బెల్టులు, బేరింగులు, మోటారు సామాన్లు అమ్మే కౌంటర్ వెనక 34 ఏళ్ళు నిలబడ్డాను. రోజంతా నా పని నంబర్లు చదవడమే. మీ ప్రశ్న చదవగానే నాకు 1996 సంక్రాంతి ముందు జరిగిన ఒక సంగతి గుర్తొచ్చింది.

కోడుమూరు వైపు ఊరి నుంచి ఒక పిల్లవాడు బస్సులో వచ్చి చీటీ ఇచ్చాడు. ‘బెల్టు 52, రెండు’ అని ఉంది, అంతే. షాపు నిండా జనం. నేను చెయ్యి చాపి ఏ-52 బెల్టులు రెండు తీసి, కాగితంలో చుట్టి ఇచ్చేశాను. వి-బెల్టులో ముందుండే అక్షరం దాని మందం, వెడల్పు చెబుతుంది. ఏ అయితే పైన 13 మిల్లీమీటర్లు, బి అయితే 17, సి అయితే 22. తర్వాతి అంకె పొడవు, అంగుళాల్లో. ఆ ఊళ్ళో ఉన్నది కొత్తగా పెట్టిన పిండి మర. దాని పుల్లీ గాడి బి బెల్టుకు చేసింది. బి గాడిలో ఏ బెల్టు వేస్తే పక్కలకు పట్టు దొరకదు, లోపలికి దిగబడిపోతుంది. మోటారు తిరుగుతుంది, బెల్టు జారుతుంది, మర కదలదు.

మర్నాడు సాయంత్రం మర యజమానే ఆ బెల్టులు చేత్తో పట్టుకుని వచ్చాడు. కౌంటర్ మీద పెట్టగానే కాలిన రబ్బరు వాసన. లోపలి వైపు నున్నగా అద్దంలా మెరుస్తోంది. పండగ ముందు మర దగ్గరికి జనం తెచ్చేది అరిసెల కోసం నానబెట్టిన బియ్యం. తడి బియ్యం ఆగదు, ఆ పూటే పట్టించాలి, లేకపోతే పులిసిపోతుంది. ఆడవాళ్ళు గంపలతో వచ్చి చూసి తిరిగిపోయారట. కొందరు ఇంట్లో రోట్లో దంచుకున్నారట. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ‘సీటీలో రాయకపోవడం మాదే తప్పు లేప్పా’ అన్నాడు. కానీ తప్పు నాదే. ‘ఏ నా, బి నా?’ అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఆ పిల్లవాడికి తెలియకపోతే పాత బెల్టు పంపమని చెప్పి ఉండాల్సింది. ఆ బెల్టుల వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

ఆ తర్వాత ఎవరు నంబర్ చెప్పినా, అది ఏ వస్తువుది, ఏ లెక్కది అని అడగకుండా నేను అల్మరా వైపు తిరగలేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, దేనికది వేరే పేరు పెట్టొచ్చు కదా అన్నది. ఇంగ్లీషు అక్షరాలు 26. ఒక అక్షరం పక్కన 1 నుంచి 9 దాకా ఒక అంకె పెడితే మొత్తం 234 పేర్లు వస్తాయి. అంతకుమించి రావు. వాడేవాళ్ళు మాత్రం రైల్వే, ఆసుపత్రి, రెవెన్యూ, కోర్టు, బడి, వీసా ఆఫీసు, కాగితం మిల్లు, విత్తన కేంద్రం, బెల్టు కంపెనీ, ఇంకా ఎందరో. అందరికీ కావాల్సింది నోటికి తేలిగ్గా, చిన్న చోట రాయగలిగేలా ఉండే పేరు. మన పల్లెల్లో వెంకటేశ్వర్లు అనే పేరు ఎంతమందికుందో, బి1 కూడా అంతే. అసలు ఎక్కడా కలవని నంబర్ కావాలంటే అది పొడుగ్గా ఉండాలి. ఆధార్ 12 అంకెలు అందుకే. కానీ ‘మీ పెట్టె ఏది?’ అని అడిగితే 12 అంకెలు చెప్పలేం కదా. పొట్టి పేరు కావాలనుకుంటే అది పక్కింట్లో కూడా ఉంటుందని ఒప్పుకోవాల్సిందే.

అందుకే ఏ నంబరైనా ఒక జాబితాలోని వరుస అని చూడండి. జాబితా ఎవరిదో తెలిస్తే నంబర్ అర్థమవుతుంది. తెలియకపోతే అది ఉత్త గీతలే.

మీ బి1, 1బి, ఎస్1, ఎల్5 లను ఇలాగే విప్పుదాం. మందుల చీటీలో బి1 అంటే థయమిన్ అనే విటమిన్. బి విటమిన్లు ఎనిమిదే, కానీ నంబర్లు 12 దాకా పోతాయి. 1, 2, 3, 5, 6, 7, 9, 12. మధ్యలో 4, 8, 10, 11 లేవు. మొదట్లో విటమిన్లు అనుకుని నంబర్లు ఇచ్చి, తర్వాత కాదని తేలితే తీసేశారు. అయినా మిగతావాటి నంబర్లు మార్చలేదు. మారిస్తే పాత చీటీలన్నీ తప్పుల తడకలయ్యేవి. రైల్లో బి1 థర్డ్ ఏసీలో ఒకటో పెట్టె. బ్యాంకువాళ్ళు అడిగే 1బి ఈ రెండూ కాదు. అది భూమి హక్కుల రికార్డు. ఏ రైతు పేరు మీద ఏ సర్వే నంబర్లో ఎంత భూమి ఉందో చెబుతుంది. అడంగల్ వేరు, అందులో ఏ పొలంలో ఎవరు సాగు చేస్తున్నారు, ఏ పంట వేశారు అన్నది ఉంటుంది. బ్యాంకుకు వెళ్ళేటప్పుడు ఏది అడిగారో ఇంకోసారి కనుక్కోండి. చాలాచోట్ల రెండూ అడుగుతారు. మీసేవలో అడిగేటప్పుడు ‘1బి’ అని ఊరుకోకుండా ‘భూమి 1బి’ అనండి. ఆ ఒక్క మాట కలిపితే ఎదుటివాడికి సందేహం ఉండదు.

నాన్నగారి రిపోర్టులో ఎల్ అంటే నడుము దగ్గరి వెన్నుపూసలు, లంబార్. అవి ఐదు, పైనుంచి కిందికి లెక్క. ఎస్ అంటే వాటి కింద ఉండే త్రికాస్థి, సేక్రమ్. కాబట్టి ఎల్5-ఎస్1 అంటే నడుములో చివరి పూసకూ, త్రికాస్థిలో మొదటి దానికీ మధ్య ఉన్న చోటు. ఒంటి బరువంతా అక్కడికే దిగుతుంది. మిషన్లలోనూ అంతే, బరువు పడే కీలు దగ్గరే ముందు అరుగుదల. దానికేం చేయాలో మీ డాక్టరే చెప్పాలి, నేను చెప్పకూడదు. టికెట్‌లో ఎస్1 స్లీపర్ ఒకటో పెట్టె. గుండె డాక్టరు కాగితం మీద ‘ఎస్1, ఎస్2’ అని రాస్తే అవి గుండె చేసే లబ్, డబ్ చప్పుళ్ళు. టెండర్ల దగ్గర ఎల్1 అంటే అందరికంటే తక్కువ రేటు వేసినవాడు. మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్ళిన ఆదిత్య-ఎల్1 లోని ఎల్ లగ్రాంజ్ అనే గణితవేత్త పేరు. సూర్యుడి వైపు భూమికి దాదాపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న చోటు అది.

నాన్నగారు నడుము నొప్పితో ప్రయాణం చేస్తారు కాబట్టి ఇంకో మాట. బెర్తు నంబర్ కూడా పెట్టెను బట్టి మారుతుంది. స్లీపర్, థర్డ్ ఏసీల్లో ఒక్కో అరలో ఎనిమిది బెర్తులు. 7 సైడ్ లోయర్, 8 సైడ్ అప్పర్. సెకండ్ ఏసీలో అరకు ఆరే. అక్కడ 5 సైడ్ లోయర్, 6 సైడ్ అప్పర్, 7 అంటే పక్క అరలో మామూలు లోయర్. స్లీపర్‌లో వెళ్ళి అలవాటైన మనిషి సెకండ్ ఏసీ టికెట్‌లో 8 చూసి సైడ్ అప్పర్ అనుకుని బెంగపడాల్సిన పనిలేదు. ఎలాగూ ఎక్కాల్సిన బెర్తే అయినా, అది సైడ్‌ది కాదు.

మన రైతులకు బాగా తెలిసిన జాబితా సర్వే నంబర్. 143 సర్వే నంబర్ అని ఎవరైనా చెబితే, దాదాపు ప్రతి రెవెన్యూ గ్రామంలోనూ ఒక 143 ఉంటుంది. ఊరి పేరు లేని సర్వే నంబర్ కాగితం మీద ఎవరూ ఒక్క రూపాయి అడ్వాన్స్ ఇవ్వకూడదు. పోలీస్ స్టేషన్లో క్రైం నంబర్ 45 అన్నా ఇంతే. ఏ స్టేషన్, ఏ సంవత్సరం అన్నది లేకుండా అది పనికిరాదు. అందుకే నంబర్ పక్కన గీత గీసి సంవత్సరం రాస్తారు.

ఇక కాలంతో మారేవి. వీటి దగ్గరే నేను ఎక్కువ మంది పొరపాటు పడటం చూశాను. మా కర్నూలు, అనంతపురం మీదుగా పోయే పెద్ద రోడ్డును నా వయసువాళ్ళు ఇప్పటికీ సెవెన్ హైవే అంటారు. అప్పట్లో అది ఎన్‌హెచ్ 7, వారణాసి నుంచి కన్యాకుమారి. 2010లో దేశం మొత్తం రోడ్ల నంబర్లు మార్చారు. ఉత్తరం నుంచి దక్షిణానికి పోయేవాటికి సరి సంఖ్యలు, తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసి సంఖ్యలు. దాంతో మన రోడ్డు శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా ఎన్‌హెచ్ 44 అయింది. ఎన్‌హెచ్ 7 అనే పేరు ఊరికే ఉండలేదు. అది ఇప్పుడు పంజాబులోని ఫాజిల్కా నుంచి ఉత్తరాఖండ్‌లోని మానా దాకా పోయే రోడ్డుది. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, కడప మీదుగా చిత్తూరు పోయేది పాత ఎన్‌హెచ్ 18, ఇప్పుడు 40. పాత 40 ఎక్కడుండేదో తెలుసా? మేఘాలయలో, షిల్లాంగ్ దారిలో. పాత దస్తావేజుల్లో ‘తూర్పున ఎన్‌హెచ్ 18’ అని హద్దు రాసి ఉంటే, దాన్ని ఇప్పటి మ్యాపులో 18 అని వెతికితే జార్ఖండ్, ఒడిశాల వైపు తేలతారు. హద్దులు చూసుకునేటప్పుడు దస్తావేజు తేదీ ముందు చూడండి, 2010కి ముందుదా, తర్వాతదా అని.

చట్టంలో సెక్షన్లదీ ఇదే కథ. మోసగాణ్ణి ఫోర్ ట్వంటీ అనడం మన నాలుక మీద పాతుకుపోయింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మోసం ఇప్పుడు 318లో నాలుగో ఉపసెక్షన్. హత్య 302 కాదు, 103. కొత్త చట్టంలో 302 అంటే ఒకరి మత విశ్వాసాలను నొప్పించాలని మాటలనడం. రాయలసీమలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన 144 సెక్షన్, అంటే నలుగురు గుమిగూడకూడదన్న ఆంక్ష, ఇప్పుడు పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 163. అందులో 144 చూస్తే భార్యకు, పిల్లలకు, తల్లిదండ్రులకు ఇవ్వాల్సిన మనోవర్తి ఉంటుంది! అదే అంకె నిన్న రోడ్డు మీద జనాన్ని చెదరగొట్టేది, ఈరోజు వదిలేసిన భార్యకు అన్నం పెట్టించేది. 2024 జులైకి ముందు జరిగిన నేరాల కేసులు పాత సెక్షన్ల మీదే నడుస్తున్నాయి కాబట్టి కోర్టుల్లో రెండు లెక్కలూ పక్కపక్కనే ఉన్నాయి. చేతికి నోటీసు వస్తే సెక్షన్ నంబర్ చూసి గుండె ఆగిపోనివ్వకండి. ఆ నంబర్ పక్కన ఏ చట్టం పేరుందో చూడండి, తర్వాత లాయర్ దగ్గరికి వెళ్ళండి.

వాహనాల నంబర్లలో మరో రకం మార్పు జరిగింది. ఏపీ 21 అంటే కర్నూలు, 02 అనంతపురం, 04 కడప అని రోడ్డు మీద బండి చూసి ఊరు చెప్పేవాళ్ళం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అన్నారు. ఇప్పుడు ఆ రెండంకెలకు జిల్లా చెప్పే పని లేదు. బండి నంబర్ చూసి ‘మన ఊరోడే’ అనుకుని నమ్మే అలవాటు ఉన్నవాళ్ళు దాన్ని వదులుకోవాలి.

కలిసినట్టు కనిపించి కలవనివి కూడా ఉంటాయి. కర్నూలు పిన్‌కోడ్ 518001. కర్నూలు ఎస్‌టీడీ కోడ్ 08518. ఇద్దరికీ 518 ఉంది కదా, ఏదో లంకె ఉందనుకుంటారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న తపాలా శాఖ మొదలుపెట్టింది. ఎస్‌టీడీ కోడ్ టెలిఫోన్ శాఖ ఇచ్చుకున్నది. అనంతపురం చూడండి, పిన్ 515001, ఎస్‌టీడీ 08554. కడప 516001, 08562. ఎక్కడా కలవదు. మనది కాకతాళీయంగా కలిసింది. కడప రైల్వే స్టేషన్ కోడ్ హెచ్ఎక్స్, విమానాశ్రయం కోడ్ సీడీపీ. ఒకే ఊరికి ఇన్ని పేర్లు, ఎవరి అవసరానికి వాళ్ళు పెట్టుకున్నవి.

అంకెలే కాదు, మధ్యలో ఉండే చుక్క కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. గాజుల షాపులో సైజులు వినండి. రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది, రెండు పది. కాగితం మీద 2.4, 2.6, 2.8, 2.10 అని రాస్తారు. బడి లెక్కలో 2.10 అన్నింటికంటే చిన్నది. గాజుల్లో అదే పెద్దది. ఎందుకంటే చుక్క తర్వాత ఉన్నది పదో వంతు కాదు, అంగుళంలో పదహారో వంతు. 2.8 అంటే రెండు అంగుళాలపై పదహారింట ఎనిమిది వంతులు, అంటే రెండున్నర అంగుళాలు. 2.10 అంతకంటే రెండు వంతులు ఎక్కువ. ఈ లెక్క తెలియని పిల్లలు కంప్యూటర్‌లో ఆర్డరు ఎక్కించేటప్పుడు 2.10 అని కొడితే అది చివరి సున్నా మింగేసి 2.1 చేస్తుంది. పెళ్ళికూతురి చేతికి పట్టని గాజులు వస్తాయి. గాజుల సైజు రాసేటప్పుడు చుక్క బదులు అడ్డగీత పెట్టండి, 2-10 అని. క్రికెట్‌లో 19.4 ఓవర్లు అన్నప్పుడు చుక్క తర్వాత ఉన్నది బంతుల లెక్క, ఆరు దాటితే ఓవరే మారుతుంది. అది మనకు చిన్నప్పటి నుంచి అలవాటు కాబట్టి ఇబ్బంది అనిపించదు.

ఏ1 గురించి కొంచెం ఆగి చెప్పాలి. బడిలో ఏ1 గ్రేడ్ వస్తే ఇంట్లో మిఠాయి పంచుతారు. పేపర్లో ఫలానా కేసులో ఏ1 అని వస్తే ఆ ఇంటివాళ్ళు తల దించుకుంటారు. అక్కడ ఏ అంటే నిందితుడు. ఏ1, ఏ2 అన్నవి ఎఫ్ఐఆర్‌లోనో ఛార్జిషీటులోనో పేర్లు రాసిన వరుస. నేరం రుజువైందని కాదు, ఏ1 చేసింది ఎక్కువ, ఏ4 చేసింది తక్కువ అని కోర్టు తేల్చిందనీ కాదు. మా వీధిలో ఒక కుర్రాడి పేరు ఒక గొడవ కేసులో ఏ1గా వచ్చింది. కేసు ఇంకా నడుస్తుండగానే జనం వాణ్ణి దోషిగా తేల్చేశారు. తర్వాత కోర్టు కొట్టేసింది. కొట్టేసిన సంగతి ఎంతమంది విన్నారో నాకు అనుమానమే. ఆ రెండు అక్షరాలు మాత్రం అందరూ విన్నారు. నంబర్‌ను తప్పుగా చదివితే బెల్టే కాదు, మనిషి కూడా కాలిపోతాడని అప్పుడు చూశాను.

జాబితా పేరును తమ వెంటే మోసుకుతిరిగే నంబర్లు కొన్ని ఉన్నాయి. విత్తనాల పేర్లు అలాంటివి. బీపీటీ 5204 వరిలో బీపీటీ అంటే దాన్ని తయారుచేసిన బాపట్ల పరిశోధన కేంద్రం. ఎంటీయూ అంటే మార్టేరు. ఎన్‌డీఎల్‌ఆర్ అంటే మన నంద్యాల. మన నల్లరేగళ్ళలో వేసే శనగ జేజీ-11 లో జే అంటే జవహర్, జబల్‌పూర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం పేరులోది. వేరుశనగలో కె-6 అంటే కదిరి-6, కె-9 అంటే కదిరి-9. అనంతపురం చేలల్లో దశాబ్దాల పాటు వేసిన టీఎంవీ-2 తమిళనాడులోని తిండివనం కేంద్రానిది. ఇది మంచి పద్ధతి. అయినా ఇక్కడా గండం తప్పలేదు. వ్యవసాయ కాలేజీలో చదివే పిల్లలకు తెగుళ్ళ పాఠంలో టీఎంవీ అంటే పొగాకు ఆకులకు పట్టే మొజాయిక్ వైరస్. ఒక పాఠంలో పంట, పక్క పాఠంలో తెగులు.

అందరూ కూర్చుని ఒక్క జాబితాకు ఒప్పుకున్నచోట ఎంత హాయిగా ఉంటుందో మా బేరింగుల్లో చూడండి. 6205 అంటే ఏ దేశంలో, ఏ కంపెనీ చేసినా లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి చుట్టు 52, మందం 15. చివరి రెండు అంకెల్ని ఐదుతో హెచ్చవేస్తే రంధ్రం కొలత వస్తుంది, 04 నుంచి పైకి. 6305 కు కూడా రంధ్రం 25 మిల్లీమీటర్లే, కానీ బయటి చుట్టు 62. ‘జీరో ఫైవ్ బేరింగ్ ఇయ్యన్నా’ అంటే నేను ‘అరవై రెండా, అరవై మూడా?’ అని అడిగేది అందుకే.

ఇక రాతలో వచ్చే తికమక. బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో ఐదోది ఎప్పుడూ సున్నానే, ఓ అక్షరం కాదు. దాన్ని ఓ అని కొట్టి డబ్బు పోలేదని టెన్షన్ పడేవాళ్ళు మా షాపులోనే ఎందరో. మనకైతే ఈ సంగతి కొత్తది కాకూడదు. సున్న అనే మాటే మన భాషలో రెండు పనులు చేస్తుంది. లెక్కల పలక మీద రాస్తే అది ఏమీ లేకపోవడం. ‘అ’ రాసి పక్కన పెడితే అది మ్ అనే శబ్దం. అదే గుండ్రం, అదే పేరు. ఒకటో తరగతి పిల్లవాడు కూడా తప్పు చదవడు, ఎందుకంటే తాను చదువుతున్నది ఎక్కమా, అక్షరమాలా అన్నది వాడికి తెలుసు. ఫోన్లో చెప్పేటప్పుడు మాత్రం బి, డి, పి, టి ఒకేలా వినిపిస్తాయి. బి ఫర్ బొంబాయి, డి ఫర్ ఢిల్లీ అని చెప్పడానికి మొహమాటపడొద్దు.

అమ్మానాన్నలకు పాఠం చెప్పక్కర్లేదు. ఇంట్లో ఉన్న కాగితాల మీద మీరే పెన్నుతో తెలుగులో ఒక మాట రాసిపెట్టండి. స్కానింగ్ కవరు మీద ‘నాన్న నడుము’. టికెట్ ప్రింటు మీద ‘స్లీపర్ ఒకటో పెట్టె’. పాస్‌బుక్ కవరులో పెట్టే కాగితం మీద ‘భూమి 1బి, బ్యాంకుకు’. మాత్రల స్ట్రిప్‌ను అట్టపెట్టెలోనే ఉంచి, పెట్టె మీద ‘దగ్గుకు, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, మొత్తం ఇన్ని రోజులు’ అని డాక్టరు చెప్పిన లెక్క రాయండి. ఓటరు కార్డు పనికి పోతే ఇంకా జాగ్రత్త. ఫారం 6 కొత్తగా పేరు చేర్చడానికి, 8 తప్పులు దిద్దడానికి, చిరునామా మార్చడానికి. 7 పేరు తీసేయమని అడిగేది. ఎవరైనా నంబర్ చెప్పి సంతకం పెట్టమంటే పైన ఉన్న శీర్షిక చదవనిదే పెట్టనివ్వకండి.

కోడుమూరు వైపు ఆ మర ఇప్పటికీ నడుస్తోంది, ఆయన కొడుకు చూసుకుంటున్నాడు. మొన్న ఒక మనిషి చేత చీటీ పంపాడు. ‘పిండి మరకు వి-బెల్టు, బి-52, రెండు. మోటారు 5 హెచ్‌పి. పాత బెల్టు కూడా పంపిస్తున్నాను, ఒకసారి కొలిచి ఇవ్వండి’ అని రాసి ఉంది. పాత బెల్టు మీద అక్షరాలు అరిగిపోయాయి. గాడి గేజీలో పెట్టి చూస్తే 17 మిల్లీమీటర్లు సరిగ్గా కూర్చుంది. రెండు బెల్టులు చుట్టి ఇచ్చి, ఆ చీటీ వెనకే బిల్లు రాసి పంపాను.